ఆసియా పోటీల్లో పాయింట్లు సమానమైతే ఎవరు పైన? (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య, అంటే ఏఎఫ్‌సీ, నియమాల చర్చ)

కార్నర్‌కిక్:
2019 ఆసియా కప్ గ్రూప్ ఎ పట్టిక అర్థం కావడం లేదు. థాయ్‌లాండ్, బహ్రెయిన్ రెండింటికీ 4 పాయింట్లే. థాయ్‌లాండ్ 3 గోల్స్ కొట్టి 5 ఇచ్చింది, బహ్రెయిన్ 2 కొట్టి 2 ఇచ్చింది. మరి థాయ్‌లాండ్ రెండో స్థానంలో ఎలా ఉంది?

ఆఫ్‌సైడ్ అప్పారావు:
ఆసియా కప్‌లో గోల్స్ తేడా మొదట చూడరండీ. సమానంగా ఉన్న జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్‌లే ముందు: వాటిలో పాయింట్లు, తర్వాత వాటిలో గోల్స్ తేడా, తర్వాత వాటిలో కొట్టిన గోల్స్. అక్కడా తేలకపోతేనే గ్రూపు మొత్తం లెక్క. థాయ్‌లాండ్ బహ్రెయిన్‌ను 1–0తో ఓడించింది, మొదటి మెట్టు మీదే తేలిపోయింది.

మిడ్‌ఫీల్డ్ మూర్తి:
అదే గ్రూపులో మనమూ (భారత్) ఉన్నాం. థాయ్‌లాండ్‌ను 4–1తో కొట్టాం కాబట్టి చివర్లో బహ్రెయిన్‌తో డ్రా చేసి ఉన్నా రెండో స్థానం మనదే. కానీ 91వ నిమిషంలో వాళ్లకు పెనాల్టీ, 0–1. మూడు పాయింట్లతో అట్టడుగు!

త్రోఇన్:
మూడు జట్లు సమానమైతే?

ఆఫ్‌సైడ్ అప్పారావు:
ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. క, ఖ, గ మూడూ ఘ మీద గెలిచాయనుకోండి. తమలో తాము: క 3–0తో ఖ మీద, ఖ 2–0తో గ మీద, గ 2–1తో క మీద. అందరికీ ఆరేసి పాయింట్లు. ముగ్గురి మధ్య లెక్కలో క +2, ఖ −1, గ −1. క మొదటిది. ఖ, గ ఇద్దరూ 2 కొట్టి 3 ఇచ్చారు, ఇంకా సమానమే. ఇప్పుడు మొత్తం గోల్స్ తేడాకు దూకకూడదు. ఆ ఇద్దరికే ముఖాముఖి మళ్లీ మొదటి నుంచి వేయాలి, అప్పుడు ఖ పైన. గ జట్టు ఘ మీద 6–0తో గెలిచి, ఖ 1–0తోనే గెలిచినా సరే.

కార్నర్‌కిక్:
అయితే 2026 ప్రపంచకప్ అర్హత పోటీల్లో మనం అఫ్గానిస్థాన్ పైన ఎలా ఉన్నాం? ఇద్దరికీ 5 పాయింట్లు. ముఖాముఖిలో అభాలో (సౌదీ అరేబియా) 0–0, గువాహటిలో మనమే 1–2తో ఓడాం.

మిడ్‌ఫీల్డ్ మూర్తి:
అది ఫిఫా పోటీ. అక్కడ మొత్తం గోల్స్ తేడాయే ముందు: మనకు −4, వాళ్లకు −11. ఆసియా కప్ నియమమైతే వాళ్లే మూడో స్థానం. మూడైనా నాలుగైనా దారి ఒకటే అయింది లెండి, ఇద్దరూ 2027 ఆసియా కప్ అర్హత మూడో రౌండ్‌కే వెళ్లారు.

త్రోఇన్:
2024–25 ఛాంపియన్స్ లీగ్ టూలో (ఆసియా క్లబ్బుల రెండో స్థాయి పోటీ) మోహన్ బగాన్ ఇరాన్‌లోని టబ్రీజ్ వెళ్లలేదు. అక్కడి క్లబ్బు ట్రాక్టర్‌కు 3–0 రాశారా?

ఆఫ్‌సైడ్ అప్పారావు:
లేదు. ఒక్క మ్యాచ్ కోల్పోయినట్టు ప్రకటిస్తే 3–0. పోటీ నుంచే తప్పుకున్నట్టు ప్రకటిస్తే ఆ జట్టు ఆడినవన్నీ రద్దు. ఇక్కడ జరిగింది రెండోది. తజికిస్థాన్ క్లబ్బు రావ్‌షాన్‌తో కోల్‌కతాలో ఆడిన 0–0 కూడా పోయింది, గ్రూపులో మిగిలిన మూడు జట్లలో రెండు ముందుకెళ్లాయి.

మిడ్‌ఫీల్డ్ మూర్తి:
నాలుగు జట్ల గ్రూపులో అందరికీ మ్యాచ్‌లు సమానంగానే తగ్గుతాయి. అసలు చిక్కు పై స్థాయి పోటీ ఛాంపియన్స్ లీగ్ ఎలీట్‌లో. 2024–25లో తూర్పు, పడమర ప్రాంతాలకు చెరో 12 జట్లు, ఒక్కోటి ఎనిమిది మంది ప్రత్యర్థులతోనే ఆడాలి. అందరూ అందరితో ఆడరు కాబట్టి అక్కడ ముఖాముఖి ముందు రాదు, గోల్స్ తేడాయే. 2025 ఫిబ్రవరిలో చైనా క్లబ్బు షాన్‌డాంగ్ తైషాన్ చివరి మ్యాచ్ ముందు తప్పుకుంటే, దాని షెడ్యూల్లో ఉన్న ఎనిమిది జట్ల లెక్క 7 మ్యాచ్‌లకు పడిపోయింది, మిగతా మూడింటికి 8 అలాగే ఉన్నాయి. షాన్‌డాంగ్‌ను ముందే ఓడించినవాళ్లకు ఆ మూడు పాయింట్లూ గోవిందా.

కార్నర్‌కిక్:
అంటే పట్టిక చూసేముందు అది ఎవరి పోటీ, అందరూ అందరితో ఆడుతున్నారా, ఈ రెండూ చూసుకోవాలి. ముఖాముఖి, గోల్స్ తేడా, కొట్టిన గోల్స్ అన్నీ సమానమైతే?

ఆఫ్‌సైడ్ అప్పారావు:
ఆసియా కప్‌లో ఆ రెండు జట్లే చివరి మ్యాచ్‌లో తలపడి ఉంటే, అక్కడే పెనాల్టీ షూటౌట్. లేకపోతే కార్డుల లెక్క: పసుపుకు 1, రెండు పసుపులతో వచ్చిన ఎరుపుకు 3, నేరుగా ఎరుపుకు 3, పసుపు తర్వాత నేరుగా ఎరుపైతే 4. తక్కువ ఉన్నవాళ్లు పైన. అప్పటికీ తేలకపోతే చీటీలు తీయడమే.