అప్‌డేట్: మా అబ్బాయి కళ్లద్దాల సిలిండర్ పవర్ ఎందుకు పెరిగిందో తెలిసింది

ఇంటర్ చదివే మా అబ్బాయికి ఆరు నెలలకోసారి కళ్లద్దాల సిలిండర్ పవర్ (కంటి వంపులోని తేడాను సరిచేసే నంబరు) ఎందుకు మారుతోందని గతంలో ఇక్కడ అడిగాను. మీరు చెప్పినట్లే కార్నియల్ టోపోగ్రఫీ (కార్నియా వంపును కొలిచే పరీక్ష) చేయించగా, కంటి ముందుభాగంలోని పారదర్శక పొర, అంటే కార్నియా, పలుచబడి శంకువులా ముందుకు పొడుచుకువచ్చే కెరటోకోనస్ అని తేలింది. కార్నియా మందం 400 మైక్రాన్లకు పైనే ఉండటంతో, రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతితో కార్నియాను గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ చికిత్స చేశారు. మొదటి మూడు రోజులు మంటతో, కారే నీళ్లతో వాడు కిటికీ తెర కూడా తీయనివ్వలేదు.

ఈ చికిత్స వ్యాధి ముదరకుండా ఆపడానికే గాని పోయిన చూపును తెచ్చేందుకు కాదని ముందే తెలిసుంటే మేము అంతగా ఆశపడేవాళ్లం కాదు. స్పష్టమైన చూపు కోసం స్క్లీరల్ లెన్స్ (కంటి తెల్లగుడ్డుపై ఆనుకునే పెద్ద కాంటాక్ట్ లెన్స్) వాడాలట. కళ్లు నులిమితే ఈ జబ్బు ఇంకా ముదురుతుంది; మా ఇల్లు వరంగల్‌లోని ఎనుమాముల మిర్చి మార్కెట్ పక్కనే కావడంతో, ఆ ఘాటుకు కళ్లు నులుముకునే అలవాటును మాన్పించడమే ఇప్పుడు మా ఇంట్లో అందరి పని.