అప్‌డేట్: పదో తరగతి పిల్లలు నోరు విప్పారు

"ప్రశ్న అడిగితే క్లాసంతా తల దించుకుంటోంది, ఏం చేయను?" అని పోయిన నెల అడిగాను కదా. చర్చ పిల్లలనే నడపనివ్వమని చాలామంది చెప్పారు. చేశాను.

మొదటిసారి బెడిసికొట్టింది. క్లాస్ ఫస్ట్ వచ్చే అమ్మాయికి అప్పజెప్తే అచ్చం నాలాగే పాఠం చెప్పేసింది. తప్పు నాదే.

రెండోసారి విద్యుత్ పాఠానికి ఇంటి కరెంటు బిల్లులు తెమ్మన్నాను. చీటీలు తీస్తే వెనక బెంచీ కుర్రాడి పేరొచ్చింది. వాడు బోర్డు మీద రాసింది ఒక్కటే: "మా ఫ్యాన్ ఎంత కరెంటు తింటోంది?" 75 వాట్ల ఫ్యాన్ రోజుకు 12 గంటలు తిరిగితే 0.9 యూనిట్, 30 రోజులకు 27 యూనిట్లని వాళ్లే లెక్క తేల్చారు. "మరి ఒకే బిల్లులో యూనిట్‌కి రెండు రేట్లెందుకు సార్?" అంది ఎప్పుడూ పెదవి విప్పని అమ్మాయి. ఇక స్లాబుల (వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు మారే అంచెల) మీద ఒకటే గోల. జవాబు చెప్పేయకుండా కిటికీ దగ్గర నిలబడటానికి నా తాతలు దిగొచ్చారు!

బిల్లు చూపించడానికి ఇద్దరు మొహమాటపడ్డారు. ఈసారి పేరు, కట్టాల్సిన మొత్తం కనబడకుండా మడిచి తెమ్మంటాను. సిలబస్ మాత్రం రెండు పీరియడ్లు వెనకబడింది.