కొబ్బరిచెట్ల కింద పఫ్ ప్యానెల్ కప్పు వేయొచ్చా?

లంకరైతు: మాది అమలాపురం దగ్గర లంక. పెరట్లో గదికి 50 మి.మీ. పఫ్ ప్యానెల్ వేయించాను. రెండు వైపులా అర మిల్లీమీటరు ఇనప రేకు, మధ్యలో నురగ. వేసిన రోజు ముగ్గురు మేస్త్రులు ఎక్కి తిరిగితే కిర్రుమనలేదు. మొన్న రాత్రి ఒకే ఒక్క కాయ పడింది, పళ్లెమంత సొట్ట! నాసిరకం అంటగట్టారంటారా?

వెల్డర్_రావులపాలెం: సరుకు కాదండి, మందం. 100 వేయించుంటే సొట్ట పడేదే కాదు.

మెకానికల్_మాష్టారు: అక్కడే పొరపాటండి. మనిషి నిలబడితే పై రేకు నొక్కుకుంటుంది, కింది రేకు సాగుతుంది. నురగ పని ఆ రెండూ దగ్గరపడకుండా, ఒకదానిమీద ఒకటి జారకుండా పట్టుకోవడం. మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే గట్టిదనం దాదాపు నాలుగింతలు. అంతవరకు మీ మాట నిజమే.

కాయ సంగతి వేరు. కిలోన్నర కాయ, కప్పు పైన 12 మీటర్ల ఎత్తు నుంచి పడితే సుమారు 176 జౌళ్ల శక్తి. రెండు సెంటీమీటర్లలో ఆగిందనుకోండి, సగటున 900 కిలోల బరువు మోపినట్టు. అంటే పన్నెండుమంది మేస్త్రులు అరచేయంత చోట నిలబడ్డట్టు! అంత దెబ్బకి కప్పు మొత్తం వంగదు, తగిలినచోటే రేకు లొంగి కింద నురగ నలుగుతుంది. దానికి కావలసింది మందమైన పై రేకు, చిక్కటి నురగ.

వెల్డర్_రావులపాలెం: లెక్క బానే ఉందండి. మా పాకలో సిమెంటు రేకు మీద పడితే రెండు ముక్కలై మంచం మీదకొచ్చింది. ఇది సొట్టతో ఆగింది కదా, నయమే.

మెకానికల్_మాష్టారు: ఆయ్, ఒప్పుకుంటాను. నురగ నలిగే ఆ దెబ్బ మింగింది. కొబ్బరికాయ పీచు డొక్క నలిగి లోపలి చిప్పని కాపాడటంలేదూ, అదే వరస. అయితే లంకరైతు గారూ, రూపాయి బిళ్లతో సొట్ట చుట్టూ తట్టి చూడండి. డొల్లగా మోగితే రేకు నురగ నుంచి ఊడినట్టు. అక్కడ బరువు పడితే పై రేకు ముడతపడి ముడుచుకుపోతుంది. మేస్త్రుల్ని మళ్లీ ఎక్కించకండి.

లంకరైతు: తట్టానండి. సొట్ట పళ్లెమంతే, డొల్ల మోత చేటంత మేర ఉంది.

రాజోలు_ఆడపడుచు: అన్నయ్యగారూ, ప్యానెల్ సంగతి తర్వాత. ముందు చెట్టు మీది కాయల దింపు తీయించండి.

లంకరైతు: దింపువాడికి చెప్పానమ్మా, ఆదివారం వస్తానన్నాడు. కప్పు మీంచి చెట్టెక్కుతాట్ట. వద్దురా బాబూ అన్నాను.