ఆన్‌లైన్ తరగతిలో భ్రామరి నాదం మధ్యలోనే ఆగిపోతోంది, పరిష్కారం తెలుపగలరు

నమస్కారం. విజయవాడ నుంచి వారానికి 3 రోజులు తెల్లవారుజామున 5:30కు, అంటే వేసవి కాలమానం ప్రకారం డాలస్‌లో ముందురోజు రాత్రి 7 గంటలకు, న్యూజెర్సీలో 8 గంటలకు, అక్కడి తెలుగువారు 11 మందికి వీడియో కాల్‌లో ప్రాణాయామం నేర్పుతున్నాను.

అనులోమ విలోమం వరకు ఏ ఇబ్బందీ లేదు. భ్రామరి, అంటే శ్వాస వదులుతూ తుమ్మెదలా ఝంకరించే ప్రాణాయామం, మొదలుపెట్టగానే మాత్రం, నా నాదం మొదటి 2, 3 సెకన్లు వినిపించి, ఆపై సన్నగిల్లి పూర్తిగా ఆగిపోతోందని, నేను మాట్లాడిన వెంటనే గొంతు మళ్లీ మామూలుగా వస్తోందని అందరూ చెబుతున్నారు. ఒకే స్థాయిలో సాగే ఆ ధ్వనిని యాప్ ఫ్యాన్ చప్పుడుగా భావించి తొలగిస్తోందని నా అనుమానం. భ్రామరిలో ఆ ధ్వనే సాధన. తుమ్మెద ఝంకారం ఎంతసేపు, ఏ శ్రుతిలో సాగాలో చెవితో విని పట్టుకోవలసిందే తప్ప తెరపై చూసి నేర్చుకోగలిగేది కాదు.

నెట్ వేగం సరిపోతోంది. ల్యాప్‌టాప్ మైకు బదులు వైరు ఇయర్‌ఫోన్ మైకు వాడి చూశాను, ఫలితం మారలేదు. యాప్‌లో శబ్ద నివారణను కనిష్ఠ స్థాయికి తగ్గిస్తే నాదం 5 సెకన్ల దాకా నిలిచింది. సంగీతకారుల కోసం ఇచ్చిన, ధ్వనిని ఉన్నదున్నట్లుగా పంపే ఎంపికను ఆన్ చేస్తే నాదం పూర్తిగా వినిపించింది కానీ, విద్యార్థులు స్పీకర్లలో వింటున్నందువల్లనో ఏమో, ప్రతి మాటా ప్రతిధ్వనించి తరగతి సాగలేదు.

15 సెకన్ల నాదం తెగకుండా, ప్రతిధ్వని రాకుండా వినిపించాలంటే నా వైపు, విద్యార్థుల వైపు ఏ సెట్టింగులు ఎలా ఉండాలి?