కొత్త ఎస్ఎమ్ఎస్‌సీ జీటీ: రిక్వెస్ట్ వెళ్తోంది, జవాబు రావట్లేదు

రాత్రి_షిఫ్ట్:
నమస్తే అండీ. మా కొత్త ఎస్ఎమ్ఎస్‌సీకి (ఎస్ఎమ్ఎస్‌లు పంపే సెంటర్) కొత్త గ్లోబల్ టైటిల్ (జీటీ, అంటే సిగ్నలింగ్‌లో అడ్రస్‌గా వాడే నంబరు) ఇచ్చి ఎస్‌టీపీలో (సిగ్నలింగ్ మెసేజ్‌లకి దారి చూపే నోడ్) రూటింగ్ పెట్టాం. వేరే ఆపరేటర్ నంబరుకి మెసేజ్ పంపితే ఎస్ఆర్ఐ-ఎస్ఎమ్ (ఆ నంబరు ఇప్పుడు ఎక్కడుందో అడిగే రిక్వెస్ట్) మా ఎస్‌టీపీ దాటి బయటికి పోవడం ట్రేస్‌లో కనిపిస్తోంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఎర్రర్ కూడా రాదు, టైమవుట్ అంతే. పాత ఎస్ఎమ్ఎస్‌సీ నుంచి అదే నంబరుకి బాగానే పోతోంది. మూడు రాత్రులుగా ఇదే టెన్షన్. లింక్‌సెట్లు, రూట్లు, అసోసియేషన్లు ఒకటికి రెండుసార్లు చూశాను.

కృష్ణాతీరం:
పాతది పని చేస్తోందంటే వెళ్ళే దారి బాగున్నట్టే. తిరుగు దారి చూడండి. అవతలి హెచ్ఎల్ఆర్ (సబ్‌స్క్రైబర్ల వివరాలుండే డేటాబేస్) జవాబిచ్చేటప్పుడు మీ కాలింగ్ పార్టీలో (పంపినవారి అడ్రస్‌లో) ఉన్న జీటీనే కాల్డ్ పార్టీగా (చేరాల్సిన అడ్రస్‌గా) పెడుతుంది. ఆ జీటీ వాళ్ల ఎస్‌టీపీకి తెలియకపోతే జవాబు అక్కడే ఆగిపోతుంది.

మీకు ఎర్రర్ ఎందుకు కనిపించదంటే, యూడీటీఎస్ (మెసేజ్ చేరలేదని తిరిగొచ్చే నోటీసు) వెళ్ళేది ఆగిపోయిన మెసేజ్ ఎవరు పంపారో వాళ్లకి. ఇక్కడ ఆగింది హెచ్ఎల్ఆర్ పంపిన జవాబు కాబట్టి అది హెచ్ఎల్ఆర్‌కే పోతుంది. అదీ ఆ జవాబులో రిటర్న్ ఆన్ ఎర్రర్ (చేరకపోతే తెలపమనే ఆప్షన్) పెట్టి ఉంటేనే. ఇది తెలియక నేను వారం రోజులు మా టేబుళ్లే తిరగేశాను. అవతలివాళ్లని ఒక్కటే అడగండి: మీ జీటీటీలో (జీటీని బట్టి దారి చూపే టేబుల్లో) మా నంబరు ఎన్ని అంకెల దాకా ఉంది?

గోదారి_గట్టు:
కృష్ణాతీరం గారి మాటే సరైనది. దాంతోపాటు వాళ్ల హెచ్ఎల్ఆర్ వైపు ట్రేస్‌లో యూడీటీఎస్ దొరికితే రిటర్న్ కాజ్ (ఎందుకు చేరలేదో చెప్పే కోడ్) చెప్పమనండి. 1 అయితే ఆ నంబరు టేబుల్లో లేదు. 0 అయితే ఆ రకం అడ్రస్‌కి అసలు టేబులే లేదు. అప్పుడు నేచర్ ఆఫ్ అడ్రస్ (నంబరు ఏ రకమో చెప్పే కోడ్) చూడాలి. 91తో మొదలయ్యే నంబరుకి 4, అంటే ఇంటర్నేషనల్, ఉండాలి. 3, అంటే నేషనల్, పడిందంటే అంకెలన్నీ సరిగ్గా ఉన్నా ఎస్‌టీపీ వేరే టేబుల్లో వెతుకుతుంది.

ల్యాబ్_రూమ్:
నేను ఓస్మో ఎస్‌టీపీతో (ఓపెన్ సోర్స్ ఎస్‌టీపీ సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటున్నాను. కాన్ఫిగ్‌లో ఎమ్ఎస్‌సీ (మొబైల్ ఎక్స్ఛేంజ్) పాయింట్ కోడ్ (నోడ్ అడ్రస్) 0.23.1 అని ఉంది, వైర్‌షార్క్‌లో (ట్రేస్ చూసే టూల్) 185 కనిపిస్తోంది. వేరే నోడ్ ఏదైనా మధ్యలో వచ్చిందా అన్నా?

గోదారి_గట్టు:
రెండూ ఒకటేనమ్మా. ఐటీయూ పాయింట్ కోడ్ 14 బిట్లు, 3-8-3గా విడగొడతారు. మొదటి అంకెని 2048తో, మధ్యదాన్ని 8తో గుణించి, చివరిది కలపాలి. 23 ఎనిమిదులు 184, ఒకటి కలిపితే 185. బీఎస్‌సీ (టవర్లని నడిపే కంట్రోలర్) 0.23.3 అయితే 187 వస్తుంది. కాగితం మీద ఒక్కసారి చేసి చూడు, ఇక మర్చిపోవు. లైవ్‌లో ఒకరు డెసిమల్‌లో, ఇంకొకరు 3-8-3లో షీట్ పంపినప్పుడు తప్పులు జరిగేది ఇక్కడే.

పాత_ఎక్స్ఛేంజ్:
జీటీ మార్చేవాళ్లకి ఒక జాగ్రత్త చెప్పాలి. జంట ఎస్‌టీపీల్లో ఒకదాంట్లో కొత్త రేంజ్‌ని రెండోదానివైపు చూపించాం. రెండోదాంట్లో ఆ రేంజ్ ఎక్కించకముందే డిఫాల్ట్ రూల్ దాన్ని మళ్ళీ మొదటిదానికి పంపింది. ఎక్స్‌యూడీటీ రకం మెసేజ్‌ల్లో హాప్ కౌంటర్ (ఇంకా ఎన్ని నోడ్లు దాటొచ్చో చెప్పే లెక్క) ఉంటుంది కాబట్టి అవి కాసేపటికి రాలిపోయాయి. యూడీటీ రకంలో అది లేదు, అవి తిరుగుతూనే ఉన్నాయి. రెండింటి మధ్య లింకుల లోడ్ పెరగడం చూసి అర్థమైంది. అప్పటినుంచి రెండు ఎస్‌టీపీల్లోనూ జీటీటీ ఎక్కించాకే ట్రాఫిక్ వదులుతాం.

కృష్ణాతీరం:
రాత్రి_షిఫ్ట్ గారూ, ఇంకొకటి. ఎస్ఆర్ఐకి జవాబు వచ్చినంత మాత్రాన పని అయిపోదు. ఎమ్‌టీ-ఫార్వర్డ్ (అసలు మెసేజ్‌ని చేర్చే రిక్వెస్ట్) వెళ్ళేది అవతలి ఎమ్ఎస్‌సీకి, ఎస్ఎస్ఎన్ (నోడ్‌లో ఏ విభాగానికో చెప్పే నంబరు) 8. మీ సబ్‌స్క్రైబర్ దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో రోమింగ్‌లో ఉంటే అక్కడి నెట్‌వర్క్‌కీ మీ కొత్త జీటీ తెలిసి ఉండాలి. ఐఆర్.21లో (రోమింగ్ భాగస్వాములకి ఇచ్చే నెట్‌వర్క్ వివరాల పత్రం) ఎక్కించారా?

రాత్రి_షిఫ్ట్:
దొరికిందండీ! వాళ్ల టేబుల్లో మా పాత రేంజ్ ప్రిఫిక్స్ ఒక్కటే ఉంది, కొత్తది అందులోకి రాదు. రాత్రి రెండింటికి వాళ్ల ఇంజినీరు లైన్లో ఉండి ఎక్కించారు. మరుక్షణం మా ట్రేస్‌లో టీక్యాప్ ఎండ్ (జవాబు మోసుకొచ్చే ఆఖరి మెసేజ్) వచ్చి పడింది, లోపల ఐఎమ్ఎస్ఐ (సిమ్ గుర్తింపు నంబరు), ఎమ్ఎస్‌సీ నంబరు రెండూ ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. ఐఆర్.21 సంగతి మాత్రం ఎవరూ చూడలేదు, పొద్దున్నే రోమింగ్ టీమ్‌కి మెయిల్ పెట్టాను. వాళ్లు అప్‌డేట్ చేసేదాకా రోమర్ల ట్రాఫిక్ పాత జీటీ మీదే ఉంచాం.