తీవ్రమైన డిప్రెషన్‌తో ప్రాణం తీసుకున్న విశ్వాసికి రక్షణ ఉందా?

ప్రశ్న

అందరికీ ప్రభువు నామమున వందనములు. మా తమ్ముడు మూడేళ్లపాటు తీవ్రమైన డిప్రెషన్‌తో బాధపడి, నాలుగు నెలల క్రితం తన ప్రాణం తానే తీసుకున్నాడు. చిన్న వయసులోనే బాప్తిస్మం పొందినవాడు, సండే స్కూలు పిల్లలకు వాక్యం చెప్పినవాడు. ఒక ఉపవాస ప్రార్థనలో ఎవరో మాత్రలు మింగడమంటే దేవుని మీద నమ్మకం లేకపోవడమేనని చెప్పాక మందులు మానేశాడు. భూస్థాపన నాడు "ప్రభువునందు నిద్రించాడు" అన్న మాట ఎవరి నోటా రాలేదు. పశ్చాత్తాపపడే వ్యవధి లేని పాపం గనుక రక్షణ పోయినట్టేనని ఆదరణ కూడికలోనే ఒక పెద్దాయన అమ్మతో అన్నారు. ఆనాటి నుండి అమ్మ ప్రభువు బల్లలో పాలుపొందడం లేదు. నా కొడుకు లేని పరలోకం నాకెందుకని అడుగుతోంది. వాడి బైబిలు తెరిస్తే 88వ కీర్తన దగ్గర సగం వాడిన మాత్రల అట్ట గుర్తుగా పెట్టి ఉంది. ఓదార్పు కోసం కాదు, వాక్యం నిజంగా ఏమి చెబుతుందో తెలుసుకోవాలని అడుగుతున్నాను.

జవాబు: విశ్రాంత లూథరన్ పాస్టరు, గుంటూరు జిల్లా

అమ్మా, మీ తల్లిగారికి ముందుగా ఈ మాట చెప్పండి: క్షమాపణ లేనిదని ప్రభువు చెప్పినది పరిశుద్ధాత్మను దూషించే పాపమొక్కటే (మార్కు 3:29). ఆత్మహత్యను ఆయన ఆ జాబితాలో చేర్చలేదు. చివరి క్షణంలో ఒప్పుకోని ప్రతి పాపమూ రక్షణను తీసివేస్తుందంటే, నిద్రలో పోయినవారికీ, ప్రమాదంలో పోయినవారికీ, ఆ మాట అన్న పెద్దాయనకూ నిరీక్షణ ఉండదు. మనం రక్షింపబడేది మన ఆఖరి ప్రార్థనను బట్టి కాదు, క్రీస్తు చేసిన కార్యాన్ని బట్టి. మరణమైనను మనలను ఆయన ప్రేమనుండి ఎడబాపనేరదని రోమా 8లో పౌలు వ్రాసినప్పుడు, ఫలానా రకం మరణం తప్ప అని మినహాయింపు పెట్టలేదు.

సమాధి సంగతి కూడా చూడండి. దావీదుకు ఆలోచనకర్తగా ఉండిన అహీతోపెలు తన ప్రాణం తీసుకున్నాడు, అయినా అతనిని తండ్రి సమాధిలోనే పాతిపెట్టారు (2 సమూయేలు 17:23). రాజైన సౌలు తన కత్తి మీద తానే పడినా, యాబేష్గిలాదు పట్టణపు వారు రాత్రంతా నడిచి వెళ్లి, అతని శరీరాన్ని తెచ్చి, ఎముకలను పాతిపెట్టి, ఏడు దినములు ఉపవాసమున్నారు. క్రైస్తవ సమాధి కార్యక్రమాన్ని నిరాకరించే నియమం బైబిలు నుండి వచ్చినది కాదు, 6వ శతాబ్దంలో బ్రాగా పట్టణంలో జరిగినటువంటి సంఘ పెద్దల సభలలో స్థిరపడినది. మా లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథరు ఇలాంటివారు నిశ్చయంగా నశించారని తాను అనుకోనని, వారు అడవిలో దొంగ చేతిలో హతమైన మనిషి వంటివారని అన్నాడు. సాతానుకు అవకాశం ఇచ్చినట్టు కాకూడదు గనుక ఈ మాటను సామాన్య జనంలో బోధించవద్దని హెచ్చరించింది కూడా ఆయనే.

జవాబు: ఒక యౌవనస్థుల కూడిక నాయకుడు

పాస్టరు గారూ, మీ మాట ఆ తల్లికి అవసరమే. కానీ ఎవడైనను దేవుని ఆలయమును పాడుచేసినయెడల దేవుడు వానిని పాడుచేయునని 1 కొరింథీ 3:17 చెబుతున్నది గదా. భయం ఒక్కటే ఆపగలిగిన పిల్లలు నా కూడికలో ఉన్నారు, వారికి నేనేమి చెప్పాలి?

జవాబు: అదే పాస్టరు

అక్కడ పౌలు మాట్లాడుతున్నది వర్గాలుగా చీలిపోతున్న సంఘాన్ని గూర్చి, ఆ వచనం చివర "మీరు ఆ ఆలయమై యున్నారు" అన్నచోట "మీరు" అన్నది బహువచనం. ఆత్మహత్య పాపం కాదని నేను అనడం లేదు, ప్రాణం దేవునిది. అయితే తాను ఇప్పటికే శాపగ్రస్తుడనని నమ్ముతున్న రోగికి నరకం గురించిన భయం అడ్డుగోడ కాదు, మరో బరువు అవుతుంది. ఫిలిప్పీ చెరసాల నాయకుడు తన్ను తాను చంపుకొనబోయి కత్తి దూసినప్పుడు పౌలు ప్రసంగం మొదలుపెట్టలేదు. "నీవు ఏ హానియు చేసికొనవద్దు, మేమందరము ఇక్కడనే యున్నాము" అని బిగ్గరగా పలికాడు. మీ పిల్లలకు చెప్పవలసినది ఆ వాక్యమే, చెప్పి వారి పక్కన కూర్చోవడమే.

జవాబు: మానసిక వైద్య విభాగంలో పనిచేసే నర్సు

నేను విశ్వాసిని, పదకొండేళ్లుగా ఈ వార్డులో ఉన్నాను. షుగరుకు మందు వాడే విశ్వాసిని ఎవరూ అవిశ్వాసి అనరు. డిప్రెషన్ మందుల దగ్గర మాత్రం అంటారు, ఆ మాటకు మూల్యం రోగి చెల్లిస్తాడు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద చావు కోరుకున్నప్పుడు దేవుడు మొదట పంపినది బోధ కాదు, నిప్పులమీద కాల్చిన అప్పము, నీళ్లబుడ్డి, మళ్లీ నిద్ర.

"ఇమ్మానుయేలు రక్తము" అని మన సంఘాల్లో పాడుకునే కీర్తనకు ఆంగ్ల మూలం వ్రాసిన విలియం కూపర్‌కు 1773లో ఒక కల తర్వాత దేవుడు తనను విడిచిపెట్టాడన్న నమ్మకం పట్టుకుంది, 1800లో చనిపోయేదాకా అది పూర్తిగా వదలలేదు. స్నేహితుడైన పాస్టరు జాన్ న్యూటన్ ఆయనను ఏడాదికి పైగా తన ఇంటిలోనే పెట్టుకుని చూసుకున్నాడు. చిరకాలం పాడుకునే ఆ పాటను విశ్వాసంతో వ్రాసిన చేయి, జబ్బు చేసిన చేయి ఒక్కటే.

ఇది చదువుతున్నవారిలో ఎవరికైనా బ్రదుకు వద్దనే తలంపులు ఉంటే, దయచేసి ఈ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, లేదా 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వైద్యుని అడగకుండా మందులు మానకండి.

జవాబు: కథోలిక విశ్వాసి, సికింద్రాబాద్

మా సంఘంలో 1917 నాటి సంఘ ధర్మశాస్త్రం (కానన్ లా) బుద్ధిపూర్వకంగా ప్రాణం తీసుకున్నవారికి సమాధి క్రియలు నిరాకరించింది. 1983 నాటి శాస్త్రం ఆ నియమాన్ని తీసివేసింది. తీవ్రమైన మానసిక వ్యాధి బాధ్యతను తగ్గిస్తుందని, వారి నిత్య రక్షణ విషయంలో నిరాశపడకూడదని 1992లో వెలువడిన మా సత్యోపదేశ గ్రంథం (కేటకిజం) చెబుతున్నది. వారి కోసం మేము ప్రార్థన చేస్తాము.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అమ్మకు ఈ జవాబులన్నీ చదివి వినిపించాను. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుందని, అయినా అది బైబిలులోనే ఉందని చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. యాబేష్గిలాదు వారు రాత్రంతా నడిచి వెళ్లిన భాగం మాత్రం మరొకసారి చదవమంది. చదివాను. వాళ్లు ఎంత దూరం నడిచారని అడిగింది.