బుల్లి లెగో నౌకలకు మార్కులు ఎలా వేయాలి?

ప్రశ్న

నమస్కారం. వచ్చే శనివారం మా లైబ్రరీలో పిల్లలు సినిమాల్లోని అంతరిక్ష నౌకలను వంద లెగో ముక్కలకు మించకుండా కట్టి తెస్తారు. న్యాయనిర్ణేతగా నన్ను ఉండమన్నారు. మా అబ్బాయితో కలిసి నేనూ కడుతుంటాను గానీ, పిల్లల పనికి మార్కులు వేసిన అనుభవం నాకు లేదు. పేరు నమోదు చేయించుకోవడానికి వచ్చిన ఒక పాప అరచేతిలో ఇమిడే, స్టార్ వార్స్ సినిమాల్లోని మిలీనియం ఫాల్కన్‌ను చూపించింది. చూడగానే పోల్చుకున్నాను, కానీ కుడివైపు ఉండవలసిన కాక్‌పిట్ ఎడమవైపు ఉంది. ఇలాంటి తప్పుకు ఎంత తగ్గించాలి? అసలు ముందుగా దేన్ని చూడాలి?

జవాబు 1

ముందు ఆకారం చూడండి. మోడల్‌ను బల్ల మీద పెట్టించి, ఆరడుగులు వెనక్కి జరిగి, పేరు చదవకుండానే అది ఏ నౌకో చెప్పగలిగితే సగం మార్కులు వేసేయవచ్చు. 2017లో వచ్చిన పెద్ద ఫాల్కన్ సెట్‌లో 7541 ముక్కలున్నాయి కాబట్టి అందులో ప్రతి గొట్టాన్నీ చూపవచ్చు. వంద ముక్కల్లో మాత్రం ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అన్నదే అసలు విద్య. స్టార్ ట్రెక్‌లోని ఎంటర్‌ప్రైజ్ నౌకనే తీసుకోండి: పళ్ళెం లాంటి ముందు భాగానికీ, కింది దేహానికీ, రెండు ఇంజన్ గొట్టాలకూ మధ్య కొలతల పొందిక తప్పితే, ఎన్ని హంగులు చేర్చినా అది ఎంటర్‌ప్రైజ్ అనిపించుకోదు. రంగుకు నేను తక్కువ మార్కులే పెడతాను, ఎందుకంటే లేత బూడిద రంగు ముక్కలు పిల్లలందరి డబ్బాల్లోనూ సరిపడా ఉండవు.

జవాబు 2

ఆకారం ముఖ్యమే, కానీ కట్టిన తీరుకు కూడా దాదాపు అంతే విలువ ఇవ్వాలని నా అభిప్రాయం. లెగో ముక్క మీది బొడిపెకూ బొడిపెకూ మధ్య దూరం 8 మి.మీ., పలుచని ప్లేటు మందం 3.2 మి.మీ. అందువల్ల ఐదు ప్లేట్లు ఒకదానిపై ఒకటి పేరిస్తే 16 మి.మీ., అంటే సరిగ్గా రెండు బొడిపెల వెడల్పు వస్తుంది. ఈ లెక్క పట్టుబడిన పిల్లలు ముక్కలను పక్కకు తిప్పి సందు కనబడకుండా అమర్చగలరు. అలాంటి చోటు కనిపిస్తే ఎలా చేశావని తప్పక అడగండి. గట్టిదనం చూడాలంటే నౌకను ఆ బిడ్డనే పట్టుకుని గాలిలో తిప్పమనండి. ఒకసారి నా చేతిలోనే స్టార్ వార్స్‌లోని ఎక్స్-వింగ్ అనే యుద్ధ నౌక రెక్క ఊడిపోయి, కట్టిన బాబు కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. అప్పటినుంచి నేను దేన్నీ ముట్టుకోను.

జవాబు 3

కాక్‌పిట్ సంగతి ఆ పాపనే అడగండి. ఫాల్కన్‌ను కింది నుంచి చూపే బొమ్మలో ముక్కు పైకి ఉంటే కాక్‌పిట్ ఎడమవైపే కనబడుతుంది. ఆమె అలాంటి బొమ్మ చూసి కట్టి ఉండవచ్చు. అదే కారణమైతే నేను ఒక్క మార్కుకు మించి తగ్గించను. ఇంకో మాట: 1977 నాటి సినిమాలో ఫాల్కన్ మీది రాడార్ పళ్ళెం గుండ్రంగా ఉంటుంది. 1983 చిత్రంలో అది ఊడిపోయింది, 2015 చిత్రానికి వచ్చేసరికి దాని స్థానంలో దీర్ఘచతురస్రాకారపు పళ్ళెం కనిపిస్తుంది. అందుచేత ఏ సినిమాలోని నౌకో ఒక చీటీ మీద పిల్లల చేతనే రాయించాకే మార్కులు వేయండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా ఇంట్లోని ఫాల్కన్‌ను పైకెత్తి కింది నుంచి చూశాను. మీరన్నట్టు కాక్‌పిట్ ఎడమవైపే కనిపించింది. శనివారం చీటీలు నేనే కత్తిరించి తీసుకువెళతాను.